గోడ, చందా, జమాఖర్చు: కళాకారుల సంఘాల చరిత్రను నడిపించేవి

స్థానిక కళాకారుల సంఘం చరిత్ర కావాలంటే చాలాచోట్ల చేతికొచ్చేది రజతోత్సవ సావనీరు ఒక్కటే. అందులో వ్యవస్థాపకుల ఫొటోలు, అధ్యక్షుల వరుస, ప్రారంభోత్సవాలకు వచ్చిన పెద్దల పేర్లు ఉంటాయి. మధ్యలో కొన్నేళ్లు ప్రదర్శనలు ఎందుకు ఆగిపోయాయో, అంతమంది సభ్యులు ఒకేసారి ఎందుకు బయటికి వెళ్లిపోయారో, హాలు ఎందుకు మారిందో ఉండదు. అవన్నీ మినిట్స్ పుస్తకంలోనూ (సమావేశాల తీర్మానాలు రాసే పుస్తకం) జమాఖర్చుల పుస్తకంలోనూ దొరుకుతాయి. బొమ్మలు వేసేవాళ్లు ఒకచోట చేరడానికి కారణం ఏదో ఒక కళాదర్శం కావచ్చు. చేరాక వాళ్లను కలిపి ఉంచేవీ, విడగొట్టేవీ మాత్రం చాలా మామూలు సంగతులు: గోడ ఎవరిది, దానిమీద ఎవరి బొమ్మ ఎక్కాలో ఎవరు తేలుస్తారు, అద్దె ఎవరు కడతారు.

ఈ మాటకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం చిత్రకళా చరిత్రలో బాగా పేరుమోసిన సంఘమే. తర్వాతి కాలంలో ఇంప్రెషనిస్టులుగా పేరుపడిన మోనే, రెన్వా, పిసారో, డెగా మొదలైనవాళ్లు 1873 డిసెంబరులో పారిస్‌లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. నియమావళికి నమూనాగా పొంత్వాజ్ ఊళ్లోని రొట్టెల తయారీదారుల సంఘం నిబంధనలను చూపించినవాడు పిసారో. కాగితాల గొడవ రెన్వాకు ససేమిరా గిట్టలేదు. సభ్యుడి వాటా ఏడాదికి 60 ఫ్రాంకులు, నెలకు ఐదు చొప్పున కట్టాలి. అమ్మకాల మీద సంఘానికి పదో వంతు. 1874 ఏప్రిల్ 15న నాదార్ అనే ఫొటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో నెలరోజుల ప్రదర్శన మొదలైంది. ప్రవేశ రుసుము ఒక ఫ్రాంకు, క్యాటలాగు అర ఫ్రాంకు. పగలు ఉద్యోగాలకు పోయేవాళ్ల కోసం రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కూడా తెరిచారు. దాదాపు 3,500 మంది వచ్చారు.

ఆ ప్రదర్శనను పత్రికలు వెక్కిరించిన సంగతి అందరికీ తెలిసిందే. సంఘం పడిపోయింది వాటివల్ల కాదు. అదే ఏడాది డిసెంబరు 17న రెన్వా స్టూడియోలో జరిగిన సమావేశంలో లెక్క తేల్చారు. బయటివాళ్లకు ఇవ్వాల్సింది 3,713 ఫ్రాంకులు, చేతిలో ఉన్నది 278. ఒక్కో సభ్యుడు 184 ఫ్రాంకుల 50 సాంతీమ్‌లు కడితే గాని అప్పు తీరదని తేలింది. అంటే ఏడాది వాటాకు మూడింతలు. సంఘాన్ని రద్దు చేశారు. అదే మిత్రబృందం 1886 వరకు మొత్తం ఎనిమిది ప్రదర్శనలు పెట్టింది, కానీ ఆ తొలి సంఘం ఏడాది కూడా నిండకుండానే ముగిసింది. స్నేహం, శైలి, ఆశయం అన్నీ మిగిలాయి. పోయింది జమాఖర్చు.

గోడ కొలత

సంఘాల్లో సగం తగవులు గోడ కొలత నుంచి పుడతాయి. తలుపులు, కిటికీలు పోను 30 మీటర్ల గోడ ఉన్న హాలు అనుకుందాం. బొమ్మ సగటు వెడల్పు 60 సెంటీమీటర్లు, బొమ్మకూ బొమ్మకూ మధ్య ఖాళీ 15. ఒకే వరుసలో పట్టేవి 40. సంఘంలో 60 మంది ఉండి, తలా రెండు ఇస్తే వచ్చేవి 120. ఇక్కడినుంచి దారులు నాలుగే. ఎంపిక కమిటీ పెట్టి 80 వెనక్కి పంపడం. మనిషికి ఒకటే అనడం, అప్పుడూ 20 మిగిలిపోతాయి. రెండు వరుసలు కట్టడం, అదీ 80 దగ్గర ఆగిపోతుంది. లేదా రెండు మూడు విడతలుగా ప్రదర్శన పెట్టి, అద్దె అన్నింతలు కట్టుకోవడం. ఏ సంఘం ఏ దారి పట్టిందో చూస్తే తర్వాతి పదేళ్లలో అక్కడ ఎలాంటి గొడవ రాబోతుందో ముందే చెప్పవచ్చు.

రెండు వరుసల దారి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, పై వరుస ఎవరికీ అక్కర్లేదు. లండన్ రాయల్ అకాడమీ వారు సోమర్‌సెట్ హౌస్ పెద్ద గదిలో నేలనుంచి ఎనిమిది అడుగుల ఎత్తున గోడ చుట్టూ ఒక పట్టీ కొట్టించారు. దానికి ఆనించి పెట్టిన బొమ్మకు గౌరవం, పైకప్పు దాకా పేర్చినవాటికి ధూళి. 1784లో తన బొమ్మను కిందికి దించి వేలాడదీయమని చిత్రకారుడు గెయిన్స్‌బరో అడిగాడు. అకాడమీ ఒప్పుకోలేదు. ఇచ్చిన బొమ్మలన్నీ వెనక్కి తీసుకుపోయాడు, మళ్లీ అక్కడ ప్రదర్శించలేదు. అకాడమీ వ్యవస్థాపక సభ్యుడే రెండు మూడు అడుగుల తేడాకు వెళ్లిపోయాడంటే, ఊరి సంఘంలో మూలనున్న దీపంలేని గోడ దక్కినవాడు అలగడంలో వింత లేదు.

అందుకే వేలాడదీసే పద్ధతిని ముందే కాగితం మీద పెట్టుకున్న సంఘాలు కాస్త ప్రశాంతంగా ఉంటాయి. బొమ్మ నడిమి బిందువు నేలనుంచి 150 సెంటీమీటర్ల దగ్గర రావాలన్నది ఇప్పుడు వాడుకలో ఉన్న కొలత. మేకు ఎత్తు లెక్క ఇలా: 150కి బొమ్మ ఎత్తులో సగం కలిపి, బొమ్మ వెనక కట్టిన తీగను బిగువుగా పైకి లాగినప్పుడు చట్రం పై అంచుకూ తీగకూ మధ్య ఉండే దూరం తీసేయాలి. బొమ్మ ఎత్తు 80, తీగ దూరం 8 అయితే 150 + 40 – 8, అంటే 182 దగ్గర మేకు. తీగ వదులుగా కడితే బొమ్మ ముందుకు వాలుతుంది, పక్కకు జారుతుంది. తీగ కొసలు బిగించాల్సింది చట్రం పైనుంచి మూడో వంతు దగ్గర, రెండు వైపులా సమానంగా. స్థలం కేటాయింపు చీటీ తీసి చేస్తే ఎవరి పక్కన ఎవరు పడినా నోరెత్తలేరు, కానీ గోడ అతుకుల బొంతలా కనిపిస్తుంది. అందం చూసి పేర్చితే గోడ బాగుంటుంది, పేర్చినవాడికి శత్రువులు మిగులుతారు. 1874లో బొమ్మలను పరిమాణాన్ని బట్టి విడదీసి చీటీల ద్వారా స్థానాలు నిర్ణయించాలనుకున్నారు. చివరికి ఆ పని చాలావరకు రెన్వా ఒక్కడి మీదే పడింది.

ఎవరు తేలుస్తారు

1863లో పారిస్ అధికారిక ప్రదర్శనకు దాదాపు 5,000 కృతులు వస్తే జ్యూరీ, అంటే ఎంపిక కమిటీ, సగానికి పైగా తిప్పికొట్టింది. గోల పెద్దదై, తిరస్కరించినవాటికి విడిగా ప్రదర్శన పెట్టించమని మూడో నెపోలియన్ ఆదేశించాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1884లో, జ్యూరీ వద్దు, బహుమతులు వద్దు అనే సూత్రం మీద సూరా, సిన్యాక్, రెదోఁ వంటివాళ్లు స్వతంత్ర కళాకారుల సంఘం పెట్టారు. దాని పుట్టుకలోనే ఒక గమ్మత్తు ఉంది. ఆ ఏడాది వసంతంలో మొదట ఏర్పడిన బృందంలో డబ్బు లెక్కల మీద అనుమానాలు రేగాయి. దాంతో కొందరు విడిపోయి, జూన్‌లో నోటరీ ముందు పక్కా నియమావళితో సంఘాన్ని మళ్లీ కట్టారు. జ్యూరీని కాదని పుట్టిన సంఘం నిలబడింది లెక్కల పద్ధతి మీద.

జ్యూరీ లేకపోవడం కూడా ఒక నిబంధనే, దానికీ పరీక్ష వస్తుంది. 1917లో న్యూయార్క్ స్వతంత్ర కళాకారుల సంఘం ఆరు డాలర్లు కట్టిన ఎవరి కృతినైనా పెడతామని చెప్పింది. ఇంటిపేర్ల అక్షరక్రమంలో పేర్చి, ఏ అక్షరంతో మొదలుపెట్టాలో చీటీ తీసింది. మారుపేరుతో మగవాళ్ల మూత్రశాలలో వాడే పింగాణీ తొట్టి ఒకటి వచ్చేసరికి దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. పంపింది సంఘం డైరెక్టర్లలో ఒకడైన మార్సెల్ దుషాఁ. ఆయన రాజీనామా చేశాడు. ‘ఎవరైనా’ అని రాసుకున్న సంఘం ‘ఏదైనా’ అని రాసుకోలేదు, చిక్కు అక్కడ వచ్చింది.

ఊరి సంఘాల్లో ఎంపిక కమిటీ చెడిపోయేది పక్షపాతం వల్లనే అనుకుంటారు. మార్కుల పద్ధతి వల్ల చెడిపోయేదీ తక్కువేం కాదు. పదికి మార్కులు వేసే ముగ్గురు నిర్ణేతలు ఒక బొమ్మకు 7, 7, 2 వేశారనుకోండి, మొత్తం 16. ఇంకో బొమ్మకు 5, 6, 6 వేస్తే 17. ఇద్దరికి నిజంగా నచ్చిన బొమ్మ పోయి, ఎవరికీ పెద్దగా నచ్చని బొమ్మ ఎక్కింది. ఒక్క నిర్ణేత రెండేసి మార్కులతో సంఘం అభిరుచిని ఏళ్లతరబడి శాసించగలడు. అందరికీ ‘సరే’ అనిపించే బొమ్మలే గోడ మీద మిగులుతాయి, ప్రయోగాలు చేసేవాళ్లు మెల్లగా వేరే చోటికి పోతారు. ఉండాలి, వద్దు అని రెండే ఓట్లు పెట్టి, ఎక్కువమంది మాట తీసుకుంటే ఈ లోపం చాలావరకు పోతుంది. ముగ్గురికన్నా ఐదుగురు మేలు. వరసగా రెండేళ్లకు మించి ఒకరే ఉండకూడదు. నిర్ణేతల బొమ్మలు పోటీలో ఉండకూడదు.

బొమ్మలు తీసుకునే రోజు పని గురించి ఎవరూ రాయరు గానీ, ఫిర్యాదుల ఫైలు నిండేది ఆ రోజే. చీటీని పొట్లం మీద అంటిస్తారు, పొట్లం విప్పగానే బొమ్మ అనాథ అవుతుంది. చట్రం వెనక పేరు, శీర్షిక, మాధ్యమం, కొలతలు, ధర రాయించాలి. ముందే ఉన్న గీతను, చిట్లిన అద్దాన్ని రసీదు మీద రాసి సంతకం తీసుకోకపోతే దాని నష్టం సంఘం నెత్తిన పడుతుంది. పైకి ఆరినట్టు కనిపించే మందపాటి తైలవర్ణాలు లోపల నెలలపాటు పచ్చిగా ఉంటాయి. అవి పక్క బొమ్మకు అంటుకుంటే ఇద్దరు సభ్యులు పోతారు. ప్రదర్శన ముగిశాక తీసుకుపోని బొమ్మల సంగతి వేరే. గడువు, ఆ తర్వాత ఏం చేస్తారన్నది దరఖాస్తులోనే లేకపోతే పదేళ్లకు గది నిండుతుంది, పారేయడానికి ఎవరికీ అధికారం ఉండదు.

అద్దె ఎవరు కడతారు

చందా, ఎంట్రీ ఫీజు, అమ్మకాల మీద వాటా, దాతల డబ్బు. ఏ సంఘానికైనా వచ్చేవి ఈ నాలుగు దారుల్లోనే. వీటిలో మొదటి రెండే ముందుగా తెలిసేవి. హాలు అద్దె, అచ్చు, దీపాలు, రవాణా ఖర్చంతా ప్రదర్శన తెరిచే ఉదయానికే చందాలూ ఎంట్రీ ఫీజుల్లోంచి వచ్చేసి ఉండాలి. అమ్మకాల వాటాను వచ్చే ఏడాది నిల్వగా చూడాలి. దీన్ని తిరగేసి, అమ్ముడుపోతాయన్న నమ్మకంతో పెద్ద హాలు తీసుకున్న ఏడాది నుంచే చాలా సంఘాల పతనం మొదలవుతుంది. దాత ఒక్కడే ఉంటే ఇంకో ప్రమాదం: ఆయన ఉన్నంతకాలం చందా పెంచాలన్న ఆలోచనే రాదు. ఆయన పోయాక ఒక్క ఏడాదిలో నాలుగింతలు చేయాలి, అప్పుడు సగంమంది కట్టరు.

ఎక్కువకాలం బతికిన సంఘాలను వరసపెట్టి చూస్తే, చాలావాటికి బొమ్మల అమ్మకం కాకుండా ఇంకో ఆధారం కనిపిస్తుంది. మద్రాసులో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ 1944లో ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ స్థాపించడంలో ముందున్నారు. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు ఆయనకు ఎదురైన ప్రశ్న, చదువు ముగించిన విద్యార్థులు ఏం తిని బతకాలన్నది. బాతిక్ బట్టలు (మైనం పూసి అద్దకం వేసేవి), ఇతర హస్తకళా వస్తువులు చేసి అమ్మారు. ఆ డబ్బుతో ఊరికి దక్షిణంగా సముద్రం ఒడ్డున ఇంజంబాక్కంలో స్థలం కొని 1966లో చోళమండలం కళాగ్రామం కట్టుకున్నారు. ఇది ఇప్పటికీ ఉంది. కెనడా ఉత్తరాన కిన్‌గైట్‌లో అక్కడి ఆదివాసులైన ఇన్యూయిట్ కళాకారులు 1959లో ఏర్పరచుకున్న సహకార సంఘం ముద్రణచిత్రాలకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది, అదే సంఘం ఊళ్లో దుకాణం కూడా నడిపింది. ఆస్ట్రేలియా ఎడారిలోని పాపున్యా ఊరి ఆదివాసీ చిత్రకారులు 1972లో పెట్టుకున్నది అసలు సంఘమే కాదు, వాళ్లే యజమానులైన కంపెనీ. ఈ మూడిటిలోనూ ఉమ్మడి ఆస్తి ఉంది, ఏడాది పొడుగునా జరిగే పని ఉంది. ఏటా వారం రోజుల ప్రదర్శన ఒక్కటే పనిగా ఉన్న సంఘంలో మిగతా 51 వారాలు సభ్యుడు సభ్యుడిని అన్న సంగతే మరచిపోతాడు.

మనుషుల మీద నడిచేవాటి సంగతి వేరు. 1947లో బొంబాయిలో సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. 1949లో సూజా లండన్‌కు, 1950లో రజా పారిస్‌కు వెళ్లిపోయారు. కొత్తవాళ్లు చేరినా 1956కల్లా ముగిసింది. దాన్ని వైఫల్యం అనడం తప్పు. ఆ గ్రూపు పని తొందరగా అయిపోయింది, అంతే. రాజమండ్రిలో దామెర్ల రామారావు 1923లో చిత్రకళాశాల మొదలుపెట్టి, రెండేళ్లు తిరగకుండానే 1925లో మశూచితో 27 ఏళ్లకే కన్నుమూశారు. మిత్రుడు వరదా వెంకటరత్నం పాఠశాలను ముందుకు తీసుకుపోయారు, రామారావు చిత్రాలు అదే ఊళ్లో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో నిలిచాయి. వ్యవస్థాపకుడు పోయినా నిలవాలంటే రెండోవాడు ఉండాలి, వాడికి తాళంచెవులు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి. ఇరవయ్యేళ్లు ఒకే కార్యదర్శి చేసిన సంఘాల్లో బ్యాంకు పాసుపుస్తకం, సభ్యుల చిరునామాలు, హాలు మేనేజరుతో పరిచయం అన్నీ ఒక్క మనిషితోనే పోతాయి.

బైలాల్లోంచి గొడవలు చదవడం

చరిత్ర రాసేవారికి నియమావళి సవరణల జాబితా గొప్ప ఆధారం. ఏ కొత్త నిబంధనా ఊరికే పుట్టదు. ‘నిర్ణేతలు తమ కృతులను పోటీకి పెట్టరాదు’ అన్న వాక్యం ఒక ఏడాది కొత్తగా చేరిందంటే, ముందటేడు బహుమతి ఎవరికి వచ్చిందో క్యాటలాగులో చూడాలి. ‘చెక్కుల మీద ఇద్దరి సంతకాలు’ అన్నది చేరిన తేదీకి ముందున్న ఆడిట్ నివేదిక చదవాలి. కోరం, అంటే సమావేశం చెల్లడానికి కనీసం ఎంతమంది రావాలన్న నిబంధన, మరీ ముఖ్యం. 90 మంది పేర్లున్న పట్టీలో మూడో వంతు కోరం అంటే 30. చందా కట్టినవాళ్లు నలభై మందే ఉంటే, వాళ్లలో ముప్పై మంది రావడం కల్ల. సమావేశం వాయిదాల మీద వాయిదాలు పడుతుంది, ఎన్నికలు ఆగిపోతాయి, పాత కార్యవర్గం గడువు తీరినా కూర్చునే ఉంటుంది. బయటివాళ్లకు అది కుట్రలా కనిపిస్తుంది. చాలాసార్లు అది లెక్క తప్పు మాత్రమే: కోరాన్ని చందా చెల్లించిన సభ్యుల సంఖ్య మీద కట్టి ఉంటే సరిపోయేది.

రద్దయ్యాక ఆస్తి ఎవరిదన్న నిబంధనను మొదట్లో ఎవరూ చదవరు. మన దేశంలో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు చేరితే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. అప్పులు పోగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి మాత్రం ఆ చట్టం ఒప్పుకోదు, మరో సంఘానికి ఇవ్వాల్సిందే. రాష్ట్రాల చట్టాలు దీనికి మార్పులు చేశాయి గనుక నమోదైన చట్టం ఏదో ముందు చూసుకోవాలి. సభ్యులు ‘సంఘానికి ఇచ్చిన’ బొమ్మలు దానమా, అరువా అన్నది రాతలో లేకపోతే తగవు వారసుల దాకా పోతుంది.

చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు

కథనం కన్నా ముందు పట్టిక తయారుచేయాలి. ఏడాదికి ఒక అడ్డవరుస. నిలువు వరుసలు ఏడు: హాలు, చందా కట్టిన సభ్యులు, వచ్చిన బొమ్మలు, గోడ ఎక్కినవి, అమ్ముడుపోయినవి, జమా ఖర్చుల తేడా, కార్యవర్గం. సభ్యుల సంఖ్యను సభ్యుల పట్టీ నుంచి తీసుకోకూడదు. పోయినవాళ్ల పేర్లు అందులో అలాగే ఉంటాయి. రసీదు పుస్తకాల నకళ్లు లెక్కపెట్టాలి. పట్టిక నిండాక తేడా వచ్చిన ఏళ్లు వాటంతట అవే బయటపడతాయి: వచ్చిన బొమ్మలు ఒక్కసారిగా సగమైన ఏడు, హాలు మారిన ఏడు, కార్యదర్శి మధ్యలో మారిన ఏడు. ప్రశ్నలు అక్కడినుంచి మొదలుపెట్టాలి.

మినిట్స్ పుస్తకం నిజమే చెబుతుంది, మెత్తగా చెబుతుంది. ‘సుదీర్ఘంగా చర్చించి తీర్మానించడమైనది’ అంటే ఆ సాయంత్రం గట్టి గొడవే జరిగిందని. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, తర్వాతి రెండు సమావేశాల హాజరులో ఎవరి సంతకం లేదు అన్నవి కలిపి చదివితే సంగతి తెలుస్తుంది. పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఆ తర్వాత. వాళ్లను ‘ఏ సంవత్సరం’ అని అడిగితే తప్పు చెబుతారు. క్యాటలాగు చేతికిచ్చి, ఈ బొమ్మ ఏ గోడ మీద ఉండేది, పక్కన ఎవరిది అని అడిగితే హాలు మొత్తం గుర్తొస్తుంది. ఒకే తగవుకు రెండు కథలు వస్తే రెండూ రాయాలి, ఎవరు చెప్పారో చెప్పాలి.

కాగితాల విషయంలో చేయకూడని పనులు కొన్ని. పాత ఆహ్వాన పత్రికలకు, ఫొటోలకు లామినేషన్ చేయించకూడదు. ఆ వేడి, జిగురు మళ్లీ పోవు. తుప్పుపట్టిన పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయాలి. ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయాలి, బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపు గీతగా తేలుతుంది. వేడితో అక్షరాలు పడే థర్మల్ కాగితం మీది బిల్లులు కొన్నేళ్లకే తెల్లబడతాయి, ముందుగా వాటికి నకళ్లు తీయాలి. టైపు చేసిన కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చాలు, అరచేతంత ఫొటోలకు 600 కావాలి. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ వరుసలో పెడితే కంప్యూటరే వాటిని కాలక్రమంలో పేరుస్తుంది. తేదీ లేని పత్రిక కత్తిరింపులను క్యాటలాగులోని ప్రారంభోత్సవ తేదీతో, వెనకవైపు అచ్చయిన సినిమా ప్రకటనతో పోల్చి గుర్తుపట్టవచ్చు. మినిట్స్ పుస్తకాల ఒక నకలు సంఘం దగ్గర, ఇంకొకటి జిల్లా గ్రంథాలయంలోనో కళాశాల గ్రంథాలయంలోనో ఉంచాలి, కార్యదర్శి ఇంట్లో మాత్రం కాదు.